తెల్ల పొర

గుంటూరు,
మార్చి 7.

వదినకి,

సుధ రాస్తున్నది. రోజూ ఫోన్ చేసే మనిషి ఉత్తరం రాసిందేమిటని కంగారు పడకు. రెండు వారాలు నాకు మాటలు నిషేధం. మెసేజ్ పెట్టొచ్చుగా అంటావు. నా ఫోన్ సగం రోజు మహతి చేతుల్లోనే ఉంటుంది, నీకు తెలుసు. పోస్టు వచ్చేది పన్నెండింటికి. ఆ వేళకి అది నర్సింగ్ కాలేజీలో ఉంటుంది. అందుకని ఈ కాగితాలు.

మొన్న అయిదో తారీఖున నా చిగుళ్ళకి ఆపరేషన్ అయింది. కింది వరస ముందు పళ్ళు రెండింటి దగ్గర చిగురు జారిపోయి వేరు బయటపడిందని చెప్పాను కదా, చల్లనీళ్ళు తగిలితే జివ్వుమనేది. డాక్టర్ షమా గారు పైన అంగిలిలోంచి గోరంత కండ తీసి అక్కడ పెట్టి కుట్టారు. వెంట్రుకకన్నా సన్నం దారం. ఎందుకు జారిందండీ అని అడిగితే, "మీరు పళ్ళు తోముకోరండీ, గీకుతారు" అన్నారు. నిజమే. శుభ్రమైందో లేదో అని ఇంకో నాలుగుసార్లు గీకడం చిన్నప్పటి నుంచీ ఉంది నాకు. తాళం వేశాక రెండుసార్లు లాగి చూసినట్టే ఇదీ.

ఆవిడ చెప్పిన సంగతి ఒకటి నన్ను వదలడం లేదు. అతికించిన ముక్కకి మొదటి రెండు మూడు రోజులూ సొంత రక్తం ఉండదట. చుట్టూ ఊరే చెమ్మ తాగి బతుకుతుందట. ఆ తర్వాత పక్క చిగురులోంచి సన్నటి రక్తనాళాలు మెల్లగా దాంట్లోకి పాకుతాయట. ఈలోపల అది కదిలితే అంతే. అందుకే మాట్లాడకూడదు, నవ్వకూడదు, పెదవి లాగి చూసుకోకూడదు. చూసుకోవద్దని మూడుసార్లు చెప్పారు, నా మొహంలో ఏం కనిపించిందో.

పగలంతా మాత్రల మత్తులో పడుకునే ఉంటున్నాను. కల్లాల మీద మిరపకాయ ఎండుతున్న రోజులు కదా, గాలి తిరిగినప్పుడల్లా కిటికీలోంచి ఘాటు లీలగా వస్తుంది. తుమ్ము వస్తుందేమోనని ముక్కు పట్టుకుంటాను. కళ్ళు మూస్తే ప్రత్తిపాడు వైపు పత్తి చేలు. చేనంతా తెల్లగా పగిలి ఉంటుంది, నా నోటి నిండా పత్తి ఉంటుంది, ఎవరో పేరు పెట్టి పిలుస్తుంటారు, నేను పలకలేను. భయం వెయ్యదు. హాయిగానే ఉంటుంది. అదే నాకు అనుమానం.

అతికించిన చోట నొప్పి లేదు. తీసిన చోట, అంగిలిలో, మంట. వచ్చినవాళ్ళందరూ కింది పళ్ళ సంగతే అడుగుతున్నారు.

ఇక అసలు విషయం. పద్నాలుగో తారీఖున మహతికి పద్దెనిమిది నిండుతాయి. దాన్ని కన్నది నువ్వని ఆ రోజున చెబుతానని, నా ఒళ్ళో పెట్టినప్పుడే నీకు మాటిచ్చాను. అమ్మ పోయాక ఈ సంగతి తెలిసినవాళ్ళం మనం నలుగురమే, నువ్వూ అన్నయ్యా, నేనూ ఈయనా. మూడోసారి కూడా నాకు కడుపు పోయిందని మా అత్తవారికి చెప్పనే లేదు. పుట్టింట్లో పురుడు పోసుకుని బిడ్డతో వచ్చానని వాళ్ళు ఇప్పటికీ అనుకుంటున్నారు.

ఇన్నాళ్ళూ ఎలాగో గడిచింది. పోయిన నెల ప్రత్తిపాడు పెళ్ళిలో మా చిన్నత్తగారు పదిమందిలో ఏమందో తెలుసా? "మేనరికం చేతిలో పెట్టుకుని బయటి సంబంధాలెందుకే సుధా, మీ అన్నయ్య పెద్దకొడుకు కార్తిక్‌కి చేసెయ్యండి దీన్ని." మహతి వెంటనే, "బావ గురకకి చీమకుర్తి క్వారీలో రాళ్ళు వాటంతటవే పగుల్తాయట నానమ్మా, నాకొద్దు" అంది. అందరూ నవ్వారు. అదీ నవ్వింది. ఆ నవ్వు ఎలాంటిదో నాకు తెలియలేదు. వాడు దానికి తోడబుట్టిన అన్న. అప్పటి నుంచి నాకు అన్నం సయించడం లేదు.

చెప్పాలి. నోరేమో లేదు. ఇరవయ్యో తారీఖున కుట్లు విప్పుతారు. అప్పటిదాకా ఆగనా?

సుధ


వేటపాలెం,
మార్చి 10.

చి. సౌ. సుధకి వదిన ఆశీస్సులు.

ఉత్తరం అందింది. మీ అన్నయ్య స్కూలుకి వెళ్ళాక తీరిగ్గా చదివాను. ఒకటి అడుగుతాను, నిజం చెప్పు. ఆపరేషన్ తారీఖు డాక్టరమ్మ ఇచ్చిందా, నువ్వు అడిగావా? సరిగ్గా పద్నాలుగో తారీఖున నోరు పెగలకుండా నువ్వే ఏర్పాటు చేసుకున్నావేమోనని నాకు అనుమానం. అనుమానాలన్నీ నీ ఒక్కదానికే రాసివ్వలేదుగా.

నువ్వు రెండు వారాలు మాట్లాడవంటే మీ ఇంట్లో అన్నయ్యగారు కొబ్బరికాయ కొట్టి ఉంటారు.

నేను గ్రేడింగ్ బల్ల దగ్గర కూర్చునే జీడిపప్పు షెడ్డులో ఎలీసమ్మ అని ఉంది. నలభై ఏళ్ళుగా జీడిపిక్కలు కొడుతోంది. జీడి నూనె చిందితే చెయ్యి కాలుతుంది. కాలిన చోట తెల్లగా పొర కడుతుంది. కొత్తగా చేరిన ఆడపిల్లలు అది చచ్చిన తోలనుకుని గిల్లబోతారు. ఎలీసమ్మ చేతి మీద ఒక్కటేస్తుంది. "దాని కిందే వస్తందే కొత్తది. మాటిమాటికీ మూత తీస్తే అన్నం ఉడుకుద్దా?" అంటుంది. నీ నోటికీ అదే వైద్యం. వేలు పెట్టకు.

అంగిలి మంట ఎలా ఉంది? ఒక్క ముక్క రాసి వదిలేశావు.

కార్తిక్ గురించి బెంగపడకు. క్వారీ ఉద్యోగం వాడిది, ఆ గ్రానైట్ దుమ్ములో తన చెయ్యి తనకే కనిపించదు. కానీ ఆలస్యం చెయ్యకు. ఇన్నేళ్ళూ నేను అడగలేదు, గుర్తూ చెయ్యలేదు. మేనరికం మాట వచ్చాక ఊరుకుంటే తప్పు. నోరు లేకపోతే చెయ్యి ఉంది. రాసి ఇవ్వు.

త్రిపుర


గుంటూరు,
మార్చి 11.

వదినా,

నీ జవాబు ఇంకా రాలేదు. ఆగలేక రాస్తున్నాను. తప్పు చేశాను.

ఈ పొద్దున అద్దం ముందు నిలబడి పెదవి లాగి చూశాను. చూడనని అనుకుంటూనే లాగాను. కుట్టిన చోట తెల్లగా ఉంది. పాలిపోయిన తెలుపు, నానిన కాగితంలా. పాతికేళ్ళుగా బోటనీ చెబుతున్నదాన్ని. అంటు కట్టిన చోట రంగు మారితే కొమ్మ పోయినట్టేనని ఎన్ని బ్యాచ్‌లకి చెప్పానో. పోయిందనుకున్నాను. పోయిందో లేదో తేల్చుకోవాలనుకున్నాను. ఇయర్ బడ్‌తో ఆ పొర తుడిచాను. కొంచెం వచ్చింది. ఇంకొంచెం తుడిచాను. రక్తం వచ్చింది. ఒక అంచు లేచి, దారం వదులైంది.

"ఏం చేస్తున్నావ్?" అని వెనకనుంచి మహతి. నా మణికట్టు పట్టుకుంది. "వార్డులో పేషెంట్లు చాలరా నాకు, ఇంట్లో కూడా నువ్వొకదానివి. చెయ్యి తియ్యి. తియ్యమంటున్నానా." గాజుగుడ్డ తడిపి పెదవి మీద ఒత్తి పట్టుకుంది. రక్తం ఆగేదాకా అలాగే, నా కళ్ళలోకి చూడకుండా. దాని చేతికి స్పిరిట్ వాసన. గడ్డం కింద దాని బొటనవేలు. వెడల్పుగా, పొట్టిగా, గోరు పలకలా. ఆ వేలు నీది వదినా. నీ వేలు నా గడ్డం కింద పెట్టుకుని నిలబడ్డాను.

ఇంకో సంగతి. డాక్టర్ గారు ఏప్రిల్‌లో చేద్దామన్నారు. మార్చి అయిదు అని నేనే అడిగాను. ఎందుకు అడిగానో అప్పుడు నాకు తెలియదు. తెలియదనే రాయాలనుంది.

మధ్యాహ్నం మళ్ళీ ఆ పత్తి చేను. ఈసారి నేను పత్తి తీస్తున్నాను. ప్రతి కాయా విప్పి లోపల ఉందా లేదా అని చూస్తున్నాను. వెనక్కి తిరిగితే నేను నడిచి వచ్చిన చాలు చాలంతా ఎండిపోయి ఉంది. లేచి కూర్చుంటే పక్కింటి రేడియో మంద్రంగా, గోడ మీద ఎండ నీళ్ళలా కదులుతూ. పద్దెనిమిదేళ్ళుగా దాన్ని కూడా ఇలాగే విప్పి చూస్తున్నానా? నిద్రలో దాని మొహం మీదికి వంగి, నాది అయిందా, ఇంకా కాలేదా అని?

రేపు షమా గారి దగ్గరికి నన్ను మహతే తీసుకెళ్తుంది. ఏం వినాలో.

సుధ


వేటపాలెం,
మార్చి 13.

సుధా,

నేను వద్దని రాసింది నీకు చేరేలోపలే గిల్లి కూర్చున్నావన్నమాట. తిట్టడానికి కూడా ఓపిక లేదు. డాక్టరమ్మ ఏం చెప్పిందో రాయి. నీ అంతట నువ్వు పోయిందని తీర్పు చెప్పుకోకు.

నీ ఉత్తరంలో బొటనవేలు దగ్గర ఆగిపోయాను. ఇవాళ షెడ్డులో గుండు పప్పులో బద్దలు, బద్దల్లో గుండు పప్పు పోశాను. ఎలీసమ్మ, "ఏందమ్మగారూ, ఇయ్యాల కళ్ళజోడు ఇంటికాడ మర్చిపోయారా, కళ్ళే మర్చిపోయారా" అంది.

నీకు ఎప్పుడూ చెప్పనిది చెబుతాను. మీ అన్నయ్య ఇమ్మంటే ఇచ్చానని నువ్వు అనుకుంటావు. తను ఏడిస్తే ఇచ్చానని అత్తయ్యగారు అనుకున్నారు. రెండూ కాదు. అందరికన్నా ముందు ఆ మాట అన్నది నేనే. మూడోసారి కడుపు పోయి నువ్వు మా ఇంట్లో గోడవైపు తిరిగి పడుకునేదానివి. అప్పుడు నాకు నాలుగో నెల. నీ వీపు చూసి అనుకున్నాను, పుట్టేది నీకని.

బిడ్డని నువ్వు తీసుకెళ్ళిన మూడో రోజున, డాక్టరుకి చూపించుకొస్తానని చెప్పి గుంటూరు బస్సెక్కాను. ఎనిమిదో రోజు బాలింతని. నా బిడ్డని నాకిచ్చెయ్యమని అడగడానికి వచ్చాను సుధా. ఏమని అడగాలో మాటలన్నీ బస్సులో కూర్చుకున్నాను. మీ బ్రాడీపేట ఇంటి గేటు దాకా వచ్చాను. కిటికీ తెరిచి ఉంది. నువ్వు దాన్ని భుజాన వేసుకుని వీపు తడుతున్నావు. తేన్పు వచ్చిందో లేదో నీకు నమ్మకం లేదు. తట్టి, చెవి దగ్గర పెట్టి విని, మళ్ళీ తడుతున్నావు. ఎంతసేపు చూశానో. గడియ మీద వేసిన చెయ్యి తీసేసి వచ్చిన దారినే వెనక్కి వెళ్ళిపోయాను.

ఇప్పుడు నాకు భయంగా ఉంది. ఎందుకిచ్చావని అది అడిగితే ఏం చెప్పను? సంతోషంగా ఇచ్చానంటే అబద్ధం. ఏడుస్తూ ఇచ్చానంటే నీకు అన్యాయం. మొన్న రాసి ఇవ్వమన్నాను, ఇవాళ వద్దంటున్నాను. చెప్పకు. కార్తిక్‌కి వేరే సంబంధాలు చూడడం మొదలుపెడతాం, ఆ మాట దానంతటదే పోతుంది. ఇది రేపటికల్లా నీకు చేరాలని స్పీడ్ పోస్ట్ చేస్తున్నాను.

త్రిపుర


గుంటూరు,
మార్చి 16.

వదినా,

నీ ఉత్తరం నిన్న, పదిహేనున అందింది. మొన్ననే చెప్పేశాను.

ముందు చిగురు సంగతి. ఒక అంచు పోయింది. మిగతాది బతికే ఉందన్నారు. "ఆ తెలుపు చావు కాదండీ, పైపొర వదులుతుంది, కింద ఎర్రగా మొదలవుతుంది. మీరు అయిదు రోజులు ఆగి ఉంటే చాలు" అన్నారు షమా గారు, ఇంకో కుట్టు వేస్తూ.

పద్నాలుగున పొద్దున. ముందురోజు నాలుగు ఠావులు రాసి చించేశాను. అన్నీ ఎందుకంటేలూ, కాబట్టిలూ. మాటలు లేనందున ఇంట్లో ఒక నోటు పుస్తకం పెట్టుకుని అందులో రాసి చూపిస్తున్నానులే. "పెరుగు పుల్లగా ఉంది", "గ్యాస్ బుక్ చెయ్యి", ఇలాంటివి. ఆ గ్యాస్ కిందనే రాశాను. "మహతీ, నిన్ను కన్నది త్రిపుర అత్తయ్య. అయిదో రోజున నాకిచ్చింది. కార్తిక్, కౌశిక్ నీ అన్నలు."

పుస్తకం దాని ముందుకి తోశాను. చదివింది. "గ్యాస్ నిన్ననే బుక్ చేశాను" అంది. కుర్చీ లాక్కుని కూర్చుంది. పుస్తకం మళ్ళీ నా వైపు తిప్పి, "ఇంకేమైనా రాస్తావా?" అంది.

పెన్ను తీసుకున్నాను. చించేసిన నాలుగు ఠావులూ గొంతు దాకా వచ్చాయి. నోరుంటే అన్నీ ఒకేసారి చెప్పేదాన్ని, ఏడ్చేదాన్ని, దాని చేత నన్ను ఓదార్పించుకునేదాన్ని. చెయ్యి మాత్రం కదల్లేదు. లేదని తల ఊపాను.

"అయితే చిన్ననానమ్మ నోరు మూయించే పని నాకొదిలెయ్" అని సంచీ తగిలించుకుని కాలేజీకి వెళ్ళిపోయింది. సాయంత్రం ఎప్పటిలాగే పుక్కిలించే మందు కొలిచి గ్లాసులో పోసింది. ఎప్పటిలాగే అన్నం మెత్తగా పిసికి పెట్టింది. అమ్మా అని మాత్రం పిలవలేదు. ఆ రోజంతా, నిన్నంతా. వింటూ కూర్చున్నాను.

నిన్న రాత్రి భోజనాల దగ్గర అంది. "నీ కుట్లు విప్పించి వేటపాలెం వెళ్తాను. అత్తయ్యకి ముందే ఫోన్ చేసి గొడవ చెయ్యకు." నేను ఫోన్ చెయ్యలేనని గుర్తొచ్చి చిన్నగా నవ్వింది. నోరుంటే వద్దనేదాన్ని వదినా. ఖచ్చితంగా అనేదాన్ని.

ఆ గేటు సంగతి. ఆ రోజు నువ్వు గడియ తీసి లోపలికి వచ్చి అడిగి ఉంటే ఇచ్చేసేదాన్నా? నిన్నటి నుంచీ అదే ఆలోచన. ఇచ్చేదాన్నని రాద్దామని మూడుసార్లు మొదలుపెట్టాను. నాకు తెలియదు.

సుధ


వేటపాలెం,
మార్చి 18.

సుధా,

పుట్టినప్పటి నుంచీ ప్రతి సెలవులకీ వచ్చే పిల్లే. గోంగూర పచ్చడి చేస్తే గిన్నె ఊడ్చేసే పిల్లే. ఇప్పుడు ఏం వండాలో తోచడం లేదు. దుప్పట్లు రెండుసార్లు మార్చాను. మీ అన్నయ్య, "ఎవరొస్తున్నారే, కలెక్టరా?" అన్నారు. చెప్పాను. పేపరు తలకిందులుగా పట్టుకుని అరగంట చదివారు.

ఏ చీర కట్టుకోమంటావు? నవ్వకు, కుట్లు ఊడతాయి.

త్రిపుర


గుంటూరు,
మార్చి 21.

వదినా,

ఈ ఉత్తరం మహతి చేతికే ఇస్తున్నాను. కవరు అంటించలేదు.

నిన్న కుట్లు విప్పారు. షమా గారి పక్కన నిలబడి టార్చి పట్టుకుంది మహతి. నేను కళ్ళు మూసుకున్నాను. నా నోట్లోకి వాళ్ళిద్దరూ చూస్తుంటే, నేను చూడకుండా ఉండడం ఇదే మొదటిసారి. వర్షంలో ఎవరో గొడుగు పట్టినట్టుంది. ఒక పంటికి పూర్తిగా కప్పుకుందట. రెండోదానికి, నేను గిల్లినదానికి, నూలుపోగంత తక్కువ. "ఏడాది లోపల అదీ మెల్లగా పైకి పాకొచ్చండీ. పాకకపోవచ్చు కూడా" అన్నారు. రంగు కలవడానికి నెలలు పడుతుందట, కొందరికి పూర్తిగా కలవదట. పక్కపక్కన రెండు గులాబీ రంగులు ఉంటాయట. సరేనన్నాను. ఇంతకుముందైతే ఎన్ని నెలలని అడిగేదాన్ని.

అంగిలిలో తీసిన గుంట పూడింది. నువ్వొక్కదానివే అడిగావు.

ఇందాక అది సంచీ సర్దుకుంటుంటే మొదటిసారి నోరు తెరిచాను. ఎన్ని మాటలు సిద్ధం చేసుకున్నానో. "జాగ్రత్త" అని వచ్చింది, బొంగురుగా. "రెండు వారాలు దాచుకుని ఇదా? ఇంకొంచెం మంచిది దొరకలేదా?" అంది మహతి. ఇంకా ఆ పిలుపు రాలేదు. లెక్కపెట్టడం మానేశాను. అబద్ధం. మానలేదు.

ఏం అడిగితే అది చెప్పు. నా వైపు నుంచి ఆలోచించకు. గేటు దాకా వచ్చింది కూడా చెప్పు.

సుధ


వేటపాలెం,
మార్చి 24.

సుధా,

నిన్న సాయంత్రం రైలుకి వచ్చేసిందిగా, క్షేమంగా చేరిందని అన్నయ్యగారు ఫోన్ చేశారు. నువ్విప్పుడు మాట్లాడగలవు, నేనూ మాట్లాడగలను. అయినా ఇది కాగితం మీదే బాగుంటుందనిపించింది.

శుక్రవారం ఇంటికి రాలేదు అది. స్టేషన్ నుంచి నేరుగా షెడ్డుకి వచ్చి, నా పక్కన బల్ల దగ్గర కూర్చుని పప్పు ఏరడం మొదలుపెట్టింది. నేను మొహం ఎత్తలేదు. ఎలీసమ్మ, "మీ మేనకోడలు చెయ్యి తిరిగినదానిలా ఏరుతుందే, పనిలో పెట్టేసుకుందామా" అంది. సాయంత్రం దాకా ఏరింది.

శనివారం కార్తిక్‌ని రమ్మంది. వసారాలో తనే చెప్పింది వాడికి. వాడు గడప మీద కూలబడి, అటు వాళ్ళ నాన్నని, ఇటు నన్ను చూసి, ఆఖరికి, "అయితే ఇక నుంచి నా గురక సంగతి ఊళ్ళో చెప్పకు. చెల్లెళ్ళు అలాంటివి చెప్పకూడదు" అన్నాడు. మీ అన్నయ్య లోపలికి వెళ్ళిపోయారు. ముక్కు చీదుకున్నారులే, మాకు వినపడింది.

నిన్న పొద్దున పెరట్లో గోంగూర గిల్లుతున్నాను. వచ్చి ఎదురుగా పీట వేసుకుంది. ఇప్పుడు అడుగుతుంది, ఎందుకిచ్చావని, అనుకున్నాను. జవాబులు కొన్ని కూర్చి పెట్టుకున్నాను. అది అడగలేదు. కాస్త ఆకు గిల్లి, "అత్తయ్యా, అమ్మ నన్ను తీసుకెళ్ళాక నీకు పాలు ఎన్నాళ్ళకి ఆగాయి?" అంది.

అమ్మ అన్నది నిన్నే సుధా. తడుముకోకుండా అంది. అనేసి తన పని తను చేసుకుంటోంది.

వార్డులో బిడ్డ పక్కన లేని బాలింతలని చూసిందట. పాలు గడ్డకట్టి జ్వరాలొస్తాయట. "పదకొండు రోజులు" అన్నాను. ఏం చేశావంది. మల్లెపూలు కట్టుకున్నానని చెప్పాను. పాలు ఇంకడానికి రొమ్ముకి కడతారు కదా. అత్తయ్యగారే రోజూ మూర తెచ్చి నా మంచం మీద పెట్టి వెళ్ళేవారు. ఆ తర్వాత నేను మల్లెపూలు తల్లో పెట్టుకోలేదు. నువ్వు పేరంటానికి పిలిచి ఇచ్చినప్పుడల్లా తలనొప్పి అనేదాన్ని. నీకు అనుమానం రాని సంగతి ఇదొక్కటే అనుకుంటాను.

"పద్నాలుగుకి అయిదు కలిపితే పంతొమ్మిది. దాని మీద పదకొండు" అని వేళ్ళు మడిచింది. "ముప్పయ్యో తారీఖు దాకా." అవునన్నాను. బస్సు సంగతి, గేటు సంగతి అప్పుడు చెప్పాను. విన్నది. ఆకు గిన్నె నా ఒళ్ళోంచి తీసుకుని కడగడానికి వెళ్ళింది. పంపు చాలాసేపు తిప్పే ఉంచింది.

స్టేషన్లో రైలు రాబోతుంటే పూలమ్మే ఆమె దగ్గర మల్లెలు కొన్నది. మూర రెండు తుంపులు చేసి ఒకటి తన జడలో పెట్టుకుంది. రెండోది నా చేతిలో పెట్టి, "తల్లో పెట్టుకోమని కాదు అత్తయ్యా. ఊరికే పట్టుకో" అంది.

రైలు కనిపించినంతసేపూ పట్టుకునే నిలబడ్డాను.

త్రిపుర